తిన్నగా ఎగిరే రాకెట్టు



దీపావళి నాడు పుల్ల విరిగిన తారాజువ్వను పెద్దవాళ్లు పిల్లల చేతికి ఇవ్వరు. "అది పక్కన పడెయ్యరా, ఎవరింట్లో దూరుతుందో ఏమో" అంటారు. ఆ జువ్వలో మందుకేం తక్కువ లేదు. ఒత్తి సరిగానే ఉంటుంది, అంటిస్తే లేస్తుంది కూడా. కాని ఎటు పోతుందో చెప్పలేం. గడ్డివాములో పడవచ్చు, వెలిగించినవాడి మీదికే రావచ్చు. తేడా అంతా ఆ పుల్లలో ఉంది.

రాకెట్ల విద్యలో సగం ఆ పుల్లలోనే ఉందని నా నమ్మకం. హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి వాళ్ల ప్రశ్నలు నాకు బాగా తెలుసు. రాకెట్టు అనగానే మంట గురించి అడుగుతారు, వేగం గురించి అడుగుతారు, ఎంత ఎత్తు పోతుందని అడుగుతారు. తిన్నగా ఎలా పోతుంది సార్ అని అడిగేవాళ్లు అరుదు. అసలు అడగవలసింది అదే. పారేసే సామానుతో ఒక చిన్న రాకెట్టు చేసి ఎగరేస్తే, ఆ ప్రశ్నకు జవాబు మన చేతులకే తెలుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. అగ్గిపుల్లల మందు గీకి గొట్టాల్లో కూరడం, టపాకాయలు విప్పి మందు పోగుచేయడం, ఇలాంటి వాటి జోలికి ఎవరూ వెళ్లకండి. అలా వేళ్లు పోయినవాళ్లు, చూపు పోయినవాళ్లు ఉన్నారు. పైగా లైసెన్సు లేకుండా పేలుడు పదార్థాలు తయారుచేయడం మన దేశంలో నేరం. 1957లో రష్యావాళ్లు స్పుత్నిక్ ఎగరేశాక అమెరికాలో పిల్లలు వెర్రిగా రాకెట్ల మీద పడ్డారు. ఇనుప గొట్టాల్లో మందు దట్టించి చాలామంది గాయపడ్డారు. నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ అనే ఆయన అంతకు మూడేళ్ల ముందే దీనికి దారి చూపించాడు. కాగితంతో, తేలికపాటి కర్రతో రాకెట్టు చేసి, కొలతప్రకారం తయారైన చిన్న మోటారును అందులో అమర్చాడు. పిల్లలు మందు ముట్టుకునే పని లేదు. ఈ రోజు ప్రపంచమంతటా నడుస్తున్న మోడల్ రాకెట్ల అభిరుచికి మూలం అదే. మనం అసలు ఆ మోటారు కూడా లేకుండా, నీళ్లతో, సైకిల్ పంపు గాలితో ఎగరేద్దాం.

ఇక సామాను. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా ఒకటి కావాలి. మంచినీళ్ల సీసా పనికిరాదు, అది పల్చన. కూల్‌డ్రింకులో గ్యాసు ఉంటుంది గనుక ఆ సీసాను ఒత్తిడికి తట్టుకునేలా చేస్తారు. చేత్తో తడిమి చూడండి. ఒళ్లంతా గుండ్రంగా, అడుగున ఐదు పాదాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. మూలలు లేని ఆకారం కాబట్టే గాలి ఎంత నెట్టినా అది సమంగా పంచుకుంటుంది. సీసా మీద గీతలు, మడతలు, తెల్లటి మచ్చలు ఉంటే తీసుకోవద్దు. గరుకు కాగితంతో రుద్దవద్దు, వేడి జిగురు పెట్టవద్దు. వేడి తగిలిన చోట ప్లాస్టిక్ బలం పోతుంది. ఏది అంటించాలన్నా టేపుతోనే.

రెండోది, పాడైపోయిన మోటారు సైకిల్ ట్యూబు. ఏ పంక్చర్ షాపులో అడిగినా ఊరికే ఇస్తారు. మనకు కావలసింది దానికున్న వాల్వు. గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. చుట్టూ రబ్బరు కొంచెం ఉంచి గుండ్రంగా కత్తిరించుకోండి, ఆ రబ్బరే వాషరుగా పనిచేస్తుంది. అర అంగుళం పీవీసీ పైపు మూతకు మధ్యలో రంధ్రం చేసి, లోపలి నుంచి వాల్వు దూర్చి, బయట నట్టు బిగిస్తే ఒక్క బుడగ కూడా బయటికి రాదు. ఇల్లు కట్టిన చోట మిగిలిపోయిన పైపు ముక్కలుంటే సరే, లేకపోతే ప్లంబరును అడగండి. కుళాయిల లైను వేసే తెల్లటి అర అంగుళం పైపు బయటి కొలత కూల్‌డ్రింకు సీసా మూతిలో దాదాపు సరిగ్గా పడుతుంది. ఎవరూ అలా అనుకుని చేసింది కాదు, కాని ప్రపంచమంతటా నీటి రాకెట్లు ఎగరేసే పిల్లలకు ఆ పొంతన పెద్ద వరం. పైపు చుట్టూ రెండు వరసల టేపు చుట్టి మధ్యలో ఒక ఓ-రింగు కూర్చోబెడితే సీసా మూతికి బిగుతుగా ఉంటుంది. ఒక టీ జాయింటు పెట్టి, నిలువు పైపును చెక్క మీద కదలకుండా బిగించండి. వాల్వున్న కొస పక్కకు రావాలి.

సీసాను పట్టి ఉంచడానికి, కావలసినప్పుడు వదలడానికి ఎలక్ట్రీషియన్లు వాడే కేబుల్ టైలు పది పన్నెండు కావాలి. నిలువు పైపు చుట్టూ వాటిని తలలు పైకి ఉండేలా నిలబెట్టి కట్టాలి. సీసా మెడ దగ్గర చిన్న అంచు ఒకటి ఉంటుంది, చూడండి. టైల తలలు ఆ అంచును పట్టుకుంటాయి. అవి విచ్చుకోకుండా ఒకటిన్నర అంగుళాల పైపు ముక్క ఒకటి ఉంగరంలా పైన తొడగాలి. ఆ ఉంగరానికి పొడవాటి తాడు కట్టి దూరం నుంచి కిందికి లాగితే తలలు విచ్చుకుంటాయి, సీసా లేస్తుంది. రబ్బరు బిరడా పెట్టి, అది ఊడినప్పుడు ఎగరనివ్వడం కూడా ఒక పద్ధతే, సులువు కూడా. కాని ఎప్పుడు ఊడుతుందో మన చేతిలో ఉండదు. నాకు అది నచ్చదు. ఎగరేసేవాడికి క్షణం తెలిసి ఉండాలి.

ఎగరేసే ముందు సీసాకు ఒక పరీక్ష ఉంది. అంచుదాకా నీళ్లు నింపి, పంపుతో 80 పీఎస్ఐ దాకా గాలి కొట్టి, రెండు నిమిషాలు ఆగి చూడాలి. మీటరున్న పంపే వాడండి. ఎగరేసేటప్పుడు 60 దాటనివ్వం కాబట్టి ఇది చాలు. నీళ్లతోనే ఎందుకంటే, నీళ్లు గాలిలాగా నొక్కుకుపోవు. ఒకవేళ సీసా చిట్లినా ఫట్‌మని పగిలి నీళ్లు కారతాయి తప్ప ముక్కలు ఎగిరిపడవు. కార్ఖానాల్లో గ్యాసు సిలిండర్లను పరీక్షించేదీ ఇలా నీళ్లతోనే.

ఇప్పుడు ఇది ఎందుకు ఎగురుతుందో చూద్దాం. సీసాలో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి. 60 పీఎస్ఐ దాకా గాలి కొట్టి తాడు లాగగానే, నొక్కుకుని ఉన్న గాలి నీళ్లను మూతిలోంచి కిందికి తోస్తుంది. ఆ నీళ్లు బయటపడే వేగం మొదట్లో గంటకు దాదాపు వంద కిలోమీటర్లు. నీళ్లు కిందికి, సీసా పైకి. న్యూటన్ మూడో నియమం పిల్లలందరికీ నోటికొచ్చు, కాని ఆ నెట్టే బలం లెక్క కట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మొదటి క్షణంలో అది సుమారు 30 కిలోల బరువుకు సమానం. నీళ్లతో కలిపి కిలో కూడా లేని రాకెట్టు మీద అంత బలం! కాని అది సెకనులో పదో వంతు కాలం కూడా ఉండదు. అంతలో నీళ్లన్నీ అయిపోతాయి. మిగిలిన గాలి ఒక్కసారి బుస్సుమని మరికాస్త నెడుతుంది. ఆ తర్వాత పైకి పోయేదంతా అంతకుముందు సంపాదించిన వేగంతోనే.

నీళ్లెందుకు, గాలి ఒక్కటే చాలదా అంటే చాలదు. గాలికి బరువు తక్కువ, దాన్ని వెనక్కి తోస్తే వచ్చే ప్రతిఫలమూ తక్కువే. పోనీ సీసా నిండా నీళ్లు పోస్తే? తోయడానికి గాలి ఉండదు. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో మంచి కొలత ఉంది. మూడో వంతు అని నేను చెబుతున్నా, మీ రాకెట్టుకు అది కొంచెం అటూ ఇటూ కావచ్చు. పావు వంతుతో ఒకసారి, సగంతో ఒకసారి ఎగరేసి చూడండి.

నీళ్లు పోసి గాలి కొట్టి వదిలితే ఉత్త సీసా కూడా లేస్తుంది. లేచి, ఇరవై అడుగులు పోయేలోపే పల్టీలు కొడుతుంది. పుల్ల లేని తారాజువ్వ సంగతే ఇదీ. ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు.

ద్రవ ఇంధనంతో ప్రపంచంలో మొదటి రాకెట్టు ఎగరేసినవాడు రాబర్ట్ గొడార్డ్. 1926 మార్చి 16న, అమెరికాలోని ఆబర్న్ అనే ఊళ్లో, బంధువుల పొలంలో. అది రెండున్నర సెకన్లు ఎగిరి, 41 అడుగుల ఎత్తు లేచి, 184 అడుగుల దూరంలో పడింది. ఆ రాకెట్టు బొమ్మ చూస్తే వింతగా ఉంటుంది. ఇంజను పైన, ట్యాంకులు కింద! పైనుంచి లాగితే కింది భాగం బుద్ధిగా వెంట వస్తుందని అప్పటి ఆలోచన. గుర్రం ముందు నడిస్తే బండి వెనకే రాదా? కాని గుర్రానికి తన దారి తనకుంది. రాకెట్టు ఇంజనుకు ఆ స్వేచ్ఛ లేదు. దాన్ని రాకెట్టు ఒంటికే బిగించేశాం. ఒళ్లు ఒరిగితే ఇంజనూ అటే ఒరిగి, ఆ ఒరిగిన వైపే తోస్తుంది. కాబట్టి ఇంజను పైనున్నా కిందున్నా తిన్నదనం దానివల్ల రాదు. గొడార్డ్ తరవాతి రాకెట్లలో ఇంజనును కిందికి దించాడు, దారి దిద్దడానికి గైరోస్కోపులు పెట్టాడు.

మరి తిన్నదనం దేనివల్ల వస్తుంది? రెండు చోట్లు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి గరిమనాభి. రాకెట్టును వేలి మీద ఆనించినప్పుడు అటూ ఇటూ ఒరగకుండా నిలిచే చోటు అది. రెండోది గాలి ఒత్తిడి కేంద్రం. పక్కనుంచి వీచే గాలి మొత్తం తోపు ఏ బిందువు దగ్గర పనిచేస్తుందో ఆ బిందువు. రాకెట్టు ఏ కారణంగానైనా ఒరిగితే అది గరిమనాభి చుట్టూ తిరుగుతుంది. గాలి ఒత్తిడి కేంద్రం దానికి వెనక ఉంటే, గాలి తోకను నెట్టి మళ్లీ దారిలో పెడుతుంది. ముందు ఉంటే అదే గాలి ఇంకా ఒరిగేలా చేస్తుంది. అందుకే ముక్కులో బరువు, తోకకు రెక్కలు. బరువు గరిమనాభిని ముందుకు లాగుతుంది, రెక్కలు గాలి ఒత్తిడి కేంద్రాన్ని వెనక్కి లాగుతాయి. రెండింటికీ మధ్య కనీసం సీసా లావంత ఎడం ఉండాలని రాకెట్లు చేసేవాళ్లు పాటించే లెక్క.

తారాజువ్వ పుల్ల చేసేదీ ఈ పనే. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ సైన్యాలు ఈస్టిండియా కంపెనీ మీద వదిలిన మైసూరు రాకెట్లకు ఇనుప గొట్టం వెనక పొడవాటి వెదురు బొంగు కట్టేవారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ రాకెట్లను ఇంగ్లండు తీసుకుపోయారు. వాటిని చూసి విలియం కాంగ్రీవ్ తయారుచేసిన రాకెట్లకూ వెనక పొడవాటి కర్ర ఉండేది.

మన రాకెట్టుకు రెక్కలు సన్‌ప్యాక్ షీటుతో చేసుకోవచ్చు. ఎన్నికలు అయిపోయాక వీధి వీధిన కనబడే ప్లాస్టిక్ బోర్డులు అవే. తేలికగా, గట్టిగా ఉంటాయి, వానకు తడవవు. మూడు గాని నాలుగు గాని ఒకే కొలతలో కత్తిరించి, సీసా మూతి వైపు సమాన దూరాల్లో టేపుతో అంటించాలి. మన రాకెట్టులో మూతే కింద, గుర్తుంది కదా. అడుగు భాగం మీద ఇంకో సీసా పై సగం కోసి టోపీలా పెడితే అదే ముక్కు. దానిలో గుప్పెడు బంకమన్ను.

ఈ బంకమన్ను దగ్గర మా పదో తరగతి అమ్మాయి ఒకతె ఆగిపోయింది. "సార్, బరువు వేస్తే ఇంకా తక్కువ ఎత్తు పోవాలి కదా?" అంది. న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పకుండా రెండు రకాలుగా ఎగరేసి చూడమన్నాను. ఎగరేసే ముందు తాడు పరీక్ష చేయించాను. రాకెట్టుకు గరిమనాభి దగ్గర తాడు కట్టి, రెండు బారల తాడు వదిలి, తల చుట్టూ గుండ్రంగా తిప్పాలి. మన్ను లేని రాకెట్టు ఒక్క చుట్టులోనే అడ్డం తిరిగింది, మరో చుట్టుకు తోక ముందుకొచ్చింది. ముక్కులో మన్ను నొక్కి, తాడు ముడి కొత్త గరిమనాభి దగ్గరికి జరిపి మళ్లీ తిప్పింది. ఈసారి ముక్కు ముందుకు పెట్టుకుని, రెక్కలు వెనకేసుకుని, చక్కగా చుట్టూ తిరిగింది. పిల్లలందరూ ఆ ముక్కు వైపే చూస్తున్నారు. మైదానంలోనూ అదే జరిగింది. మన్ను లేనిది పల్టీ కొట్టి వేపచెట్టు దాటకుండానే పడింది. మన్నుతో ఉన్నది తిన్నగా, చెట్టు తలను ఎంతో కిందికి వదిలేసి వెళ్లింది. అడ్డంగా తిరిగిన సీసాకు గాలి గోడలా తగిలి వేగమంతా తినేస్తుంది. తిన్నగా పోయేదానికే ఎత్తు దక్కుతుంది. ఆ అమ్మాయి ఈ మాట తనంతట తాను నోటు పుస్తకంలో రాసుకుంది.

రెక్కలు మరీ పెద్దవైతే ఇంకో ఇబ్బంది ఉంది. గాలి వీచేటప్పుడు రాకెట్టు గాలికి ఎదురు తిరిగి అటువైపే పోతుంది. అందుకే గాలి తక్కువగా ఉండే తెల్లవారుజామున ఎగరేయడం మేలు. ఇంకొకటి, రెక్కలు పనిచేయాలంటే వేగం ఉండాలి. లేచిన తొలి క్షణంలో వేగం లేదు గనుక అప్పుడు పైపే దారి చూపాలి. పైపు కొస సీసాలోకి జానెడైనా పోవాలని అందుకే అంటాను. వాతావరణ పరిశోధనకు వదిలే రాకెట్లను కూడా ఏటవాలు పట్టా మీంచి పంపేది ఇందుకే.

ఎగరేసే రోజు నాలుగు జాగ్రత్తలు. కరెంటు తీగలు లేని బయలు కావాలి. రాకెట్టులో ఇనుము, గాజు ఉండకూడదు. తాడు లాగేవాళ్లు, గాలి కొట్టేవాళ్లు కనీసం ఐదారు మీటర్ల దూరంలో, కళ్లద్దాలు పెట్టుకుని ఉండాలి. గాలి కొట్టాక సీసా మీదికి ఎవరూ వంగి చూడకూడదు. నీళ్లు పోసిన సీసాను మూతి పైకి పట్టుకుని, పైపును అందులో దించి, రెండింటినీ కలిపి తిప్పి నిలబెట్టాలి. ఇక గాలి కొట్టాలి. పిల్లలు పైకి లెక్కపెడతారు, ఐదు, నాలుగు, మూడు. తాడు లాగగానే చుట్టూ నీళ్ల జల్లు, సీసా కనబడదు. మళ్లీ కనబడేసరికి వందడుగుల ఎత్తులో ఉంటుంది. కిందపడ్డాక పరుగెత్తుకెళ్లి సీసా చేతికి తీసుకుంటే లోపల తెల్లటి పొగమంచు కనిపిస్తుంది. నొక్కుకున్న గాలి ఒక్కసారిగా విచ్చుకుంటే చల్లబడి, అందులోని ఆవిరి మంచవుతుంది. ఆకాశంలో మేఘం కట్టే పద్ధతీ ఇదే.

ఎంత ఎత్తు పోయిందో కంటికి తోచినట్టు చెప్పుకోవద్దు, కొలవండి. కోణమానిని మధ్యలో దారం కట్టి, దానికి ఒక చిన్న రాయి వేలాడదీయండి. ఎగరేసే చోటికి సరిగ్గా 30 మీటర్ల దూరంలో నిలబడి, రాకెట్టు చిట్టచివరి ఎత్తుకు చేరినప్పుడు కోణమానిని అంచు వెంట చూసి దారం ఎక్కడుందో పట్టుకోండి. ఊర్ధ్వకోణం 45 డిగ్రీలైతే ఎత్తు 30 మీటర్లు, దానికి మీ కంటి ఎత్తు కలపాలి. 60 డిగ్రీలైతే దాదాపు 52 మీటర్లు. పదో తరగతి త్రికోణమితిలో దేవాలయ గోపురం, దీపస్తంభం లెక్కలు చేస్తాం కదా, అదే లెక్క. ఎగరేసిన ప్రతిసారీ నీళ్లెన్ని, గాలి ఎంత, ముక్కులో బరువెంత, కోణమెంత అని నాలుగు గడుల్లో రాయండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే ఏది ఫలితం ఇచ్చిందో తెలియదు.

పెద్ద రాకెట్ల కథ కూడా ఈ తిన్నదనం చుట్టూనే తిరుగుతుంది. మన దేశంలో తయారై 1967 నవంబరులో తుంబా నుంచి ఎగిరిన మొదటి రోహిణి రాకెట్టు లావు 75 మిల్లీమీటర్లు. మన కూల్‌డ్రింకు సీసా దానికంటే లావు! శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 లేచినప్పుడు ఇంధనానికేం లోటు రాలేదు. రెండో దశను దారిలో పెట్టే నియంత్రణ వ్యవస్థ పనిచేయక అది బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ లోపం ఎక్కడుందో వెతికి సరిచేసి, మరుసటి ఏడాది జులై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు. 2022 నవంబరు 18న హైదరాబాదు కుర్రాళ్ల కంపెనీ స్కైరూట్ అదే శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగరేసింది. ఒక ప్రైవేటు సంస్థ రాకెట్టు మన గడ్డ మీంచి లేవడం అదే మొదలు. అది దాదాపు 89 కిలోమీటర్ల ఎత్తు చేరింది. దానికీ తోకన రెక్కలున్నాయి. తిన్నగా ఉండడానికి తన చుట్టూ తాను తిరిగేలా చిన్న చిన్న ఇంజన్లు కూడా పెట్టారు.

ప్రధానోపాధ్యాయులకు, లెక్కల మాస్టార్లకు, సైన్సు టీచర్లకు ఒక మనవి. ఊర్ధ్వకోణాల పాఠం వచ్చే వారంలో ఒక ఉదయం పిల్లలకు మైదానం వదలండి. ఖర్చు రెండు మూడు వందలు దాటదు. లెక్కలూ సైన్సూ ఒకే పీరియడులో, ఒకే సీసా మీద కలుస్తాయి. పిల్లలు కొలిచి రాసిన పుస్తకాన్ని మాత్రం పారేయకుండా బడిలోనే దాచండి. వచ్చే ఏడు చేరే పిల్లలు దాన్ని చదివి, అక్కడి నుంచి మొదలుపెడతారు.